గుండూ బద్దా

కాశీబుగ్గ కేటీ రోడ్డులో నాదో కంప్యూటర్ల కొట్టు.
పక్కన జీడిపిక్కల బట్టీ.
ఏ పెట్టె విప్పినా
కొత్త ప్లాస్టిక్కు కంటే ముందు
కాలిన పిక్క వాసనే వస్తుంది.

ఆ వేళ పొద్దున్నే విశాఖ డీలరు ఫోను:
"ఎర్ర కంపెనీ పన్నెండు వందలు దించింది."
మధ్యాన్నం అన్నం కలుపుతుంటే మళ్ళీ:
"నీలం కంపెనీ పదిహేను వందలు."
మొన్న పాత రేటుకి తెచ్చిన పదకొండు చిప్పులు
బీరువాలో, సీలైనా విప్పకుండా,
కూచున్నచోటే ముసలివైపోయాయి.
ఆంబోతుల కొట్లాటలో లేగల కాళ్ళంటారు.
లేగైనా అరుస్తుంది.
నేను బిల్లు మడతపెట్టి మజ్జిగ పోసుకున్నాను.

మూడింటికి తవిటమ్మ వచ్చింది, వెనక మరో ఇద్దరు.
షెడ్డులో పప్పు ఏరే మనుషులు.
కొంగు ముడిలో సంఘం డబ్బు.
షావుకారు కంప్యూటరు ప్రతి శనివారం
వాళ్ళ తూకంలో కిలోన్నర మింగేస్తోందట.
"ఆడి లెక్క ఆడి మిసన్లో ఉంటే
మా లెక్క మా మిసన్లో ఉండాల గదా బావూ."

రెండు డబ్బాలు ముందు పెట్టాను.
ఒకే కంపెనీ, ఒకే ఏడు, ఒకే సైజు.
ఒకటి ఆరువేలు, ఒకటి పదకొండు.
"ఏటి తేడా?"

"ఒకే పళ్ళెం మీద అచ్చేస్తారమ్మా, వందలకొద్దీ.
అన్నీ ఒకలా రావు.
ఎనిమిది గదులూ పలికితే పదకొండు.
రెండు పలక్కపోతే వాటికి తాళమేసి, ఆరు."

తవిటమ్మ పక్కామెను మోచేత్తో పొడిచింది.
"గుండూ, బద్దా. అంతే గదేటి?"

అంతే. కానీ నోరూరుకోదు కదా నాకు.
"ఒకోసారి బాగున్నవాటికీ తాళమేస్తారు,
అవతలోడి చౌకరకం ఎక్కువ పోతుంటే."

ఆవిడ కాసేపు డబ్బానే చూసింది.
"దీపావళికి లడ్డూలోళ్ళు బద్ద అడిగితే
మా సావుకారూ గుండునే సీల్చమంటాడు.
మంచి గుండుని. కత్తెడితే సెయ్యి రాదు."
తర్వాత అడిగింది:
"ఈ సౌక దాన్లో ఆ రెండు గదులూ
సచ్చిపోనాయా, తాళమేసినారా?"
"తెలీదమ్మా. కంపెనీ చెప్పదు."
"మాకూ అంతే. కిలోకింత అంటారు.
ఎందుకింత అంటే ఎవలూ సెప్పరు."

ఆరువేలదే తీసుకున్నారు, ఆ వేళ్టి కొత్త రేటుకి.
తొమ్మిది వందలు నా నెత్తిన.

బోర్డు మీద చిప్పు కూర్చోబెట్టాలి.
అడుగున వెయ్యికి పైగా ముళ్ళు, వెంట్రుకలంతేసి.
షుగరొచ్చాక నా వేళ్ళు నా మాట వినవు.
"ఇలాగియ్యి" అంది తవిటమ్మ.
జీడి సొన తిని నల్లబడ్డ వేళ్ళు,
రేషను మిషను గుర్తుపట్టని వేళ్ళు.
మూలనున్న బంగారు ముక్కోణం చూపించానంతే.
చప్పుడు లేకుండా దిగింది. ఒక్క ముల్లూ వంగలేదు.
ఆ నెలలో నేను వంచినవి రెండు బోర్డులు.

ఆటో రైలు గేటు దాటిందో లేదో, మళ్ళీ ఫోను:
ఇంకో ఐదొందలు.

శనివారం ఆ ఐదొందలూ పట్టుకుని షెడ్డు దగ్గరికెళ్ళాను.
"రేటు తగ్గిందమ్మా."
ఆడవాళ్ళంతా ఒక్కసారే నవ్వారు.
"మాకూ తగ్గింది బావూ, కిలోకి రూపాయి.
ఎదర ఫేక్టరీవోడు పప్పు రేటు దించీసినాడంట,
ఈడు మా మీద దించినాడు."
నా చేతిలో నోటు అలాగే ఉండిపోయింది.
తగ్గింది అన్న మాట ఒకటే.
నేను తెచ్చిందీ అదే, వాళ్ళకొచ్చిందీ అదే.

తవిటమ్మ నోటు తీసుకుని ముడేసుకుంది.
ఆ రాత్రి వాళ్ళ మిషన్లో మొదటి వరస పడింది:
శనివారం, నలభై ఒకటిన్నర కిలోలు.
షావుకారు మిషన్లో నలభై.